స్టార్ వార్స్: రేని లూక్‌తో పోల్చడం సరైనదేనా?

రావులపాలెం రేవు:
ఒక విషయం తేల్చి చెప్పండి. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమా, 2015లో వచ్చిన ఏడో భాగం మొన్న ఒకే రోజు చూశాను. మొదటి దాంట్లో హీరో లూక్ ఎడారిలో పెరిగాడు, ఏడో దాంట్లో హీరో అయిన అమ్మాయి రే కూడా అంతే. రహస్యం మోసుకొచ్చిన రోబో లూక్‌కి దొరికింది, రేకీ దొరికింది. అక్కడ గ్రహాలను పేల్చే డెత్ స్టార్, ఇక్కడ దానికంటే పెద్దది ఇంకోటి. దారి చూపిన పెద్దాయన కళ్లెదుటే చనిపోవడం రెండింట్లోనూ ఉంది. ఇంక రే కొత్త హీరో ఎలా అవుతుంది? అనాకిన్ చెడువైపు పడిపోయి వేడర్ అయ్యాడు, కొడుకు లూక్ నిలబడ్డాడు, 1983లోనే కథ పూర్తయింది. నా లెక్కలో హీరోలు వాళ్లిద్దరే.

గట్టు మీద:
నాదీ అదే మాట. లూక్ తన గురువు యోడా దగ్గర తలకిందులుగా నిలబడి నేర్చుకున్నాడు, అయినా వేడర్ చేతిలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. రే మొదటి కత్తియుద్ధంలోనే విలన్ కైలో రెన్‌ని ఓడించేసింది. కష్టపడని హీరో మనసుకి ఎక్కదు.

లంకపిల్ల:
కైలో అప్పటికే పక్కలో దెబ్బ తిని రక్తం కారుతున్నాడు, కన్నతండ్రిని చంపి వచ్చాడు. అది మర్చిపోకండి. అయినా నా అభ్యంతరం బలం గురించి కాదు. మీరిద్దరూ జోడీ తప్పు కట్టారు. రేకి సరిజోడు అనాకిన్.

లూక్‌కి కన్నవాళ్లు తెలియరు గానీ ఇల్లుంది. బాబాయి ఓవెన్ పని చెప్పేవాడు, పిన్ని బెరూ అన్నం పెట్టేది. మిగతా ఇద్దరి కథా వీడ్కోలుతో మొదలవుతుంది. 1999 సినిమాలో పందెం గెలిచిన తొమ్మిదేళ్ల అనాకిన్‌కి బానిసత్వం నుంచి విడుదల దొరికింది, తల్లి ష్మీకి దొరకలేదు. నాలుగడుగులు వేసి వెనక్కి పరుగెత్తుకొచ్చి అమ్మని పట్టుకుంటాడు. వెళ్లు, వెనక్కి చూడకు అంటుంది ఆవిడ. పదేళ్ల తర్వాత తిరిగొస్తే అతని చేతుల్లోనే ప్రాణం వదిలింది. ఆ రాత్రి ఆమెని ఎత్తుకుపోయిన ఎడారి తెగ టస్కెన్ల గుడారాల్లో ఆడవాళ్లనీ పిల్లలనీ కూడా అతను వదల్లేదు. వేడర్ అక్కడే పుట్టాడంటాను. నల్ల ముసుగు తర్వాతి సంగతి.

రే దగ్గర అదే కథని అటువైపు నుంచి చూస్తాం. ఓడ ఎగిరిపోతుంటే తిరిగి రమ్మని అరిచిన పిల్ల. కూలిన యుద్ధయంత్రం లోపల కాపురం. పగలంతా పాత ఓడల్లో సామాన్లు ఊడదీసి ఇస్తే పావు వంతు తిండి. నీళ్లలో పొడి వేయగానే రొట్టె పొంగుతుంది చూడండి, ఆ సాయంత్రమే గోడ మీద ఒక గీత గీస్తుంది. గోడ నిండా గీతలే.

ఆ గీతలు నాకు తెలుసు. మా అమ్మ కువైట్ వెళ్లినప్పుడు నాకు ఆరేళ్లు. కోనసీమలో ఇది వింత కాదు, మా వీధిలోనే ముగ్గురు అమ్మలు వెళ్లారు. అమ్మమ్మ ఇంట్లో క్యాలెండర్ మీద రోజుకో తేదీని పెన్సిల్‌తో కొట్టేసేదాన్ని. రెండేళ్లన్నారు. క్యాలెండర్లు మారిపోతూనే ఉన్నాయి. పాతవాటితో పుస్తకాలకు అట్టలు వేస్తానంటే అమ్మమ్మని వేయనిచ్చేదాన్ని కాదు. రే మళ్లీ తన ఎడారి గ్రహం జక్కూకి వెళ్లిపోతానంటే మా హాస్టల్లో అందరూ విసుక్కున్నారు. నాకు మాత్రం అది చాలా మామూలుగా అనిపించింది. మనం లేని రోజునే వాళ్లొస్తే?

ఎడారికి ఎడారి, రోబోకి రోబో లెక్కపెడితే, ధవళేశ్వరం కింద గౌతమి, వశిష్ఠ రెండూ ఒకే నీళ్లు కాబట్టి ఒకటి దండగ అనాలి.

దాళ్వా రైతు:
అమ్మా, నీ మాట బాగుంది. కానీ ఇల్లుంది కాబట్టి లూక్‌కి బాధ లేదన్నట్టు రాశావు, అది ఒప్పుకోను. గాలిలోంచి నీళ్లు పిండుకుని బతికే రైతు ఓవెన్. ఈ ఒక్క పంట అయ్యాక వెళ్దువుగాని అని ఆ కుర్రాణ్ని ఆపాడు. నేనూ మా అబ్బాయితో అదే అన్నాను. సార్వా కోతలు అవ్వనీ, హైదరాబాద్ వెళ్దువుగాని అన్నాను. కోతలవగానే దాళ్వా నాట్లు వచ్చిపడ్డాయి. ఆ ఏడు వాడు వెళ్లలేదు. ఆ సీను వచ్చినప్పుడు నేను టీవీ కట్టేసి బయటికి వెళ్లాను. లూక్ ఇంటికి పరుగెత్తేసరికి గుమ్మం దగ్గర కాలిన శవాలు రెండు. అతన్ని ఆపేవాళ్లు లేకపోయింది అలాగ.

ఇంకోటి. 1983 సినిమాలో వేడర్ చెయ్యి నరికాక, తెగిన తీగల్ని చూసి, గ్లవ్ తొడుక్కున్న తన యంత్రపు చెయ్యి చూసుకుంటాడు లూక్. కత్తి విసిరేస్తాడు. 2005 సినిమాలో తండ్రికీ ఇదే పరీక్ష. చేతులు తెగి మోకాళ్ల మీద ఉన్న శత్రువు డూకూని తల నరికేశాడు. రెండుసార్లూ పక్కనుండి ఎగదోసింది దుష్ట పాలకుడు పాల్పటీనే. రేకి ఈ పరీక్ష ఎక్కడొచ్చింది?

లంకపిల్ల:
వచ్చిందండి. 2019 సినిమాలో, సముద్రంలో కూలిన డెత్ స్టార్ మీద. తల్లి లేయా (లూక్ తోబుట్టువు) పిలుపు తగిలి కైలో ఒక్క క్షణం ఆగాడు, రే అతని కత్తితోనే అతన్ని పొడిచేసింది. లేయా పోయిందని అప్పుడే ఇద్దరికీ తెలిసింది. రే వెంటనే గాయం మీద చెయ్యి పెట్టి తన ప్రాణంలో కొంత ఇచ్చి మాన్పింది. లూక్ చంపకముందే ఆగాడు, అనాకిన్ ఆగలేదు, రే తప్పు చేసి దిద్దుకుంది. నాకు మూడోదే ఎక్కువ దగ్గర.

పోతే మీ అబ్బాయి సంగతి చదివాక లూక్ గురించి తొందరపడ్డానని అర్థమైంది.

ఒకచోట నాకూ కష్టమేసింది. 2017 సినిమాలో నీ తల్లిదండ్రులు తుక్కు అమ్ముకునేవాళ్లు, ఎవరూ కారు అని కైలో చెప్తే, ఆ మాట తట్టుకుని నిలబడింది రే. 2019లో ఆమెని పాల్పటీన్ మనవరాలిని చేశారు. బలానికి వంశం కావాలా?

రావులపాలెం రేవు:
జోడీ తప్పు కట్టాను, ఒప్పుకుంటున్నాను. ష్మీ సీను ఇవాళ మళ్లీ చూస్తాను. మరి చివర్లో రే లూక్ వాళ్ల స్కైవాకర్ ఇంటిపేరు పెట్టుకుంది కదా, అది కూడా వంశం కోసమేగా? అడగొచ్చో లేదో, అమ్మగారు వచ్చేశారా?

లంకపిల్ల:
ఆయ్, వచ్చేసిందండి, ఆరో ఏడు. బస్టాండులో నేను అమ్మమ్మ వెనక నక్కాను. నా కోసం తెచ్చిన గౌను నాకు రెండు సైజులు చిన్నది.

ఇంటిపేరు మాత్రం నాకు నచ్చింది. ఓవెన్ ఇంటి దగ్గర ఇసుకలో లూక్, లేయా కత్తులు పాతిపెట్టి, దారిన పోయే ముసలావిడ అడిగితే ఆ పేరు చెప్పింది. నేర్పినవాళ్ల పేరు అది, రక్తంతో వచ్చింది కాదు. నా స్కూలు కాగితాల్లో సంరక్షకులు అన్నచోట ఆరేళ్లూ మా అమ్మమ్మ వేలిముద్రే ఉంది.