పాత నోటుపుస్తకంలో "డాల్డా" అని ఉన్నచోట నెయ్యా, వెన్నా? (ఇంటి బిస్కెట్లు, బెంగళూరు)

పాతనోటుపుస్తకం (మారతహళ్లి)
మన ఇళ్లలో పెద్దవాళ్లు రాసిపెట్టుకున్న నానఖటాయి బిస్కెట్ల కొలత ఇంచుమించు ఒకటే: రెండు గ్లాసుల మైదా, గ్లాసు పంచదార పొడి, ముప్పావు గ్లాసు డాల్డా, అర చెంచా వంటసోడా, యాలకులు. కలిపి ట్రేలో పేర్చి, వీధి చివర బేకరీకి తీసుకెళ్లి బట్టీలో కాల్పించుకొచ్చేవారు. ఇప్పుడు బట్టీ లేదు, వంటింట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. డాల్డా కొనడం చాలామంది మానేశారు. ఆ ముప్పావు గ్లాసు బదులు ఏం వేయాలన్నదే గొడవ. నెయ్యి వేస్తే ట్రేలో అప్పడాల్లా పరుచుకుంటున్నాయి. వెన్న వేస్తే పరుచుకోవు గానీ గట్టిగా, పళ్లకి పని పెట్టేలా వస్తున్నాయి. నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఆ గుల్లదనం రెండింట్లోనూ లేదు. నేతి పక్షంవాళ్లు, వెన్న పక్షంవాళ్లు కారణాలతో చెప్పండి. "మా ఇంట్లో బాగానే వస్తాయండీ" అన్నది కారణం కాదు.

నేతిచెయ్యి (మల్లేశ్వరం)
నెయ్యే. ఇందులో వాదించడానికేముంది? డాల్డా అంతా కొవ్వే, నెయ్యీ దాదాపు అంతా కొవ్వే. వెన్నలో కొవ్వు 80 శాతం, నీళ్లు 16 శాతం దాకా ఉంటాయి. 150 గ్రాముల వెన్న వేశారంటే 24 గ్రాముల నీళ్లు పోసినట్టు. అయిదు టీస్పూన్లు! మైదాకి తడి తగిలి చెయ్యి పడితే జిగురు సాగుతుంది. అందుకే గట్టిపడుతున్నాయి. నానఖటాయి పిండిలో అయిదు చెంచాల నీళ్లు ఎవరైనా పోస్తారా?

వెన్నముద్ద (జయనగర్)
లెక్క సరే, కథ సగమే చెప్పారు. వెన్నలో నీళ్లు విడిగా ఉండవు, కొవ్వులో సన్నటి బిందువులుగా చిక్కుకుని ఉంటాయి. వెన్న, పంచదార పొడి ముందు బాగా గిలక్కొట్టి, మైదా చివర్లో వేసి, పిండి కనబడకుండా పోయేదాకా మాత్రమే కలిపితే ఆ నీళ్లు మైదాకి పెద్దగా అందవు. గట్టిగా వస్తున్నాయంటే మైదా వేశాక పూరీ పిండిలా పిసుకుతున్నారన్నమాట. తప్పు వెన్నది కాదు, చేతిది.

ఇంకోటి, రంగూ వాసనా. వెన్నలో మిగిలిన పాల పదార్థం ఓవెన్లో పంచదారతో పాటు ఎర్రబడుతుంది. నెయ్యి కాచేటప్పుడే ఆ పని అయిపోయి, గోకు రూపంలో గిన్నె అడుగున మిగిలిపోయింది. అందుకే నేతి బిస్కెట్ పాలిపోయి ఉంటుంది.

ఒక్క హెచ్చరిక: డెయిరీ కొట్లలో విడిగా అమ్మే తెల్ల వెన్న, ఇంట్లో చిలికిన వెన్న ఈ 80, 16 లెక్కకి దొరకవు. మజ్జిగ తేట ఇంకా ఉంటుంది. చల్లటి నీళ్లలో రెండుసార్లు కడిగి, అరచేత్తో గట్టిగా నొక్కి, గుడ్డ మీద అద్దినా లెక్క కుదరదు. బిస్కెట్లకి ప్యాకెట్ వెన్నే, అదీ ఉప్పులేనిది.

నేతిచెయ్యి
నానఖటాయి పాలిపోయే ఉండాలి తల్లీ, ఎర్రబడితే అది నానఖటాయి కాదు. పైన పగుళ్లు, అడుగున లేత బంగారు రంగు, అంతే.

గ్రాములకాటా (కె.ఆర్.పురం)
ఇద్దరూ అసలు దొంగని వదిలేసి వాదించుకుంటున్నారు. దొంగ గ్లాసు.

200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు తీసుకోండి. వదులుగా పోసిన మైదా 115 గ్రాములు తూగుతుంది, తట్టి నింపితే 140 దాకా వెళ్తుంది. పంచదార పొడి 105 గ్రాములు. ఇక ముప్పావు గ్లాసు డాల్డా. పేరుకున్న డాల్డాని చెంచాతో తీసి గ్లాసులో వేసేవారు, మధ్యమధ్య గాలి ఖాళీలు మిగిలేవి. అది 120 గ్రాములకి మించదు. అదే గీత దాకా కరిగిన నెయ్యి పోస్తే 135 గ్రాములు. అంటే నోటుపుస్తకం చెప్పింది చెప్పినట్టు చేసినా 15 గ్రాముల కొవ్వు ఎక్కువ పడుతుంది. పరుచుకోవడంలో సగం తప్పు అక్కడే ఉంది.

మిగతా సగం కొవ్వు ఏ రూపంలో ఉందన్నది. డాల్డా గదిలో మెత్తటి ముద్దలా ఉంటుంది. దాని స్ఫటికాలు చాలా సన్నవి, గిలక్కొడితే గాలిని పట్టుకుని నిలబెడతాయి. నెయ్యి మెల్లగా చల్లారితే రవ్వరవ్వగా పేరుకుంటుంది. అన్నంలోకి ఆ రవ్వ ఎంత బాగుంటుందో బిస్కెట్లకి అంత పనికిరాదు, గాలి నిలవదు. కరిగిన నెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి నెయ్యిని డాల్డాలా మార్చుకోవాలి. 120 గ్రాముల నెయ్యి పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా అయ్యాక ఆ గిన్నెని ఐసు ముక్కలు వేసిన నీళ్ల పళ్లెంలో పెట్టి విస్కుతో ఆపకుండా కలపండి. ముందు ఏమీ కాదు. తర్వాత గిన్నె అంచున తెల్లటి పొర కడుతుంది, దాన్ని గీకి మధ్యలోకి లాగుతుండాలి. కాసేపటికి మొత్తం తెల్లబడి, చెంచా వెనక అంటుకుని జారకుండా నిలుస్తుంది. అక్కడ ఆపి పళ్లెంలోంచి తీసేయండి. ఇంకా ఉంచితే అడుగున గడ్డ కడుతుంది, దాన్ని గిలక్కొట్టలేరు. వేగంగా చల్లార్చి, కదుపుతూ ఉండడం వల్లే స్ఫటికాలు సన్నగా వస్తాయి.

పంచదార పొడి అప్పుడు కలపండి. మిక్సీలోంచి తీసిన పొడి వేడిగా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ వేడికి, అంత కష్టపడి తెల్లబరిచిన నెయ్యి మళ్లీ కారిపోతుంది. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి.

కొలత: మైదా 200, శనగపిండి 30, పంచదార పొడి 105, నెయ్యి 120 గ్రాములు. శనగపిండిలో సాగే జిగురు ఉండదు, కాబట్టి గుల్లదనం పెరుగుతుంది, కాలేటప్పుడు మంచి వాసన కూడా. 25 గ్రాముల ఉండలు చేస్తే 18 వస్తాయి.

చెన్నైఉక్క (పెరంబూరు)
కాటా గారూ, మీ ఊళ్లో ఇది కుదురుతుంది. ఇక్కడ మే నెలలో వంటింట్లో 34 డిగ్రీలు. తెల్లబరిచిన నెయ్యి మైదా వేసేలోపే జారిపోతుంది, ఉండ చుట్టేలోపు చెయ్యంతా జిడ్డు.

గ్రాములకాటా
బెంగళూరులో మాత్రం ఏడాదంతా కుదురుతుందా అండీ? డిసెంబర్, జనవరిల్లో నెయ్యి తనంతట తనే పేరుకుంటుంది, ఏప్రిల్‌లో ఇక్కడా నూనెలాగే ఉంటుంది. మీరు చేయాల్సింది వేరు. పిండిని ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత చుట్టకండి, అప్పుడు పొడిపొడిగా విరుగుతుంది, చేతి వేడికి మళ్లీ కరుగుతుంది. ముందు ఉండలు చుట్టి, ట్రేలో పేర్చి, ఒత్తి, ట్రేతో సహా ఫ్రిజ్‌లో 30 నిమిషాలు పెట్టండి. అక్కడి నుంచి నేరుగా కాగిన ఓవెన్లోకి. మధ్యలో బయట పెట్టి ఫోన్ మాట్లాడొద్దు.

బట్టీవేడి (కమ్మనహళ్లి)
కొవ్వు గురించి ఇంత చెప్పుకుని సోడా మీద ఎవరూ నోరు విప్పలేదేం? ఈ కొలతకి అర చెంచా సోడా ఎక్కువ, పావు టీస్పూన్ చాలు. వంటసోడా పని చేయాలంటే తడి, పులుపు కావాలి. నేతి పిండిలో రెండూ లేవు. కరగని సోడా పలుకులు అక్కడక్కడా మిగిలి గోధుమరంగు మచ్చలు పడతాయి, నాలుకకి సబ్బు రుచి తగులుతుంది. పైగా సోడా ఎక్కువైతే బిస్కెట్ ఇంకా పరుచుకుంటుంది, ఆ నింద నెయ్యి మీద పడుతుంది. టీస్పూన్ పుల్లటి పెరుగులో సోడా కలిపి, పొంగగానే నెయ్యి, పంచదారల్లో వేసి తిప్పండి. ఆ కాస్త తడికి జిగురు సాగదు.

బట్టీ మాటకొస్తే, బేకరీవాళ్లు ఇళ్ల ట్రేలని మండే బట్టీలో పెట్టేవారు కాదు. రొట్టెలు తీశాక దిగిపోతున్న వేడిలో పెట్టేవారు. మొదట గట్టి వేడి తగిలి అంచు నిలబడుతుంది, తర్వాత తగ్గుతున్న వేడిలో లోపల ఆరుతుంది. ఓటీజీలో అది కావాలంటే 180 డిగ్రీలకి 15 నిమిషాలు కాగనిచ్చి, ట్రే పెట్టగానే 160కి తిప్పండి, 16 నుంచి 18 నిమిషాలు. చల్లటి ఓవెన్లో పెట్టి స్విచ్ వేస్తే కొవ్వు ముందు కరుగుతుంది, బిస్కెట్ తర్వాత నిలబడుతుంది. అప్పడాలకి అదే దారి.

చిన్న ఓటీజీల్లో కింది రాడ్డు ట్రేకి మరీ దగ్గర. అడుగు మాడి పైన పచ్చిగా ఉంటే ట్రే కింద ఇంకో ట్రే పెట్టండి. మీట చూపించే అంకెని నమ్మకండి, లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. తీసేటప్పుడు బిస్కెట్ మెత్తగానే ఉంటుంది, "ఇంకా కాలలేదు" అని మళ్లీ లోపలికి తోయొద్దు. 10 నిమిషాలు ట్రేలోనే వదిలేస్తే గట్టిపడుతుంది.

ఊరికేఅడిగా (బొమ్మనహళ్లి)
అసలు డాల్డాయే వేస్తే పోలా? బేకరీవాళ్లు వేయట్లేదా?

గ్రాములకాటా
వేసుకోవచ్చు, చట్టం వద్దనలేదు. వనస్పతిలో, అంటే డాల్డా లాంటివాటిలో, ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకి చేటు చేసే కొవ్వు) 2 శాతం మించకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఇప్పటి డబ్బా ఆ నోటుపుస్తకం రోజుల డబ్బా కాదు. అయినా అంగిలికి అంటుకునే ఆ మైనపు పొర పోదు. శరీరం వేడికి నెయ్యి నోట్లో పూర్తిగా కరుగుతుంది, వనస్పతి రకాన్ని బట్టి 41 డిగ్రీల దాకా కరగకుండా ఉండొచ్చు. రుచిలో తేడా అదే.

వెన్నముద్ద
బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, దానివల్ల కూడా మార్పులు చేయాలని ఎక్కడో చదివినట్టు గుర్తు. ఎవరైనా?

బట్టీవేడి
కేకుకైతే ఆలోచించొచ్చు. నీళ్లు 100 బదులు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి, నీళ్లే లేని నానఖటాయికి దాంతో పనేముంది? ఓవెన్ అబద్ధం చెప్పే 20 డిగ్రీల ముందు ఇది లెక్కలోకి రాదు.

పాతనోటుపుస్తకం
అంతా గ్రాముల్లో రాసుకున్నా. వెన్న పక్షం ఒప్పుకున్నట్టేనా మరి?

వెన్నముద్ద
ఎక్కడ ఒప్పుకున్నాం? నెయ్యి వేయాలంటే ఐసు పళ్లెం, విస్కు, చల్లారిన పంచదార, ఫ్రిజ్. ఉప్పులేని వెన్నని ఫ్రిజ్‌లోంచి తీసి, వేలితో నొక్కితే గుంట పడేదాకా బయట ఉంచితే చాలు, వేరే తతంగం లేదు. 150 గ్రాముల వెన్నకి పైన చెప్పిన మైదా, శనగపిండే. ఆ నీళ్లు ఆరాలి కాబట్టి 160లోనే ఇంకో మూడు నిమిషాలు. అంచు ఎర్రబడుతుంది, బడనివ్వండి.

నేతిచెయ్యి
రాజీ కావాలంటే 75 గ్రాముల వెన్న, 60 గ్రాముల నెయ్యి. కొవ్వు మొత్తం 120 దగ్గరే ఉంటుంది, నీళ్లు 24 నుంచి 12 గ్రాములకి దిగుతాయి. మెత్తటి వెన్నని ముందు గిలక్కొట్టి, పేరుకున్న నెయ్యి చెంచా చెంచాగా కలపాలి. కరిగిన నెయ్యి పోస్తే వెన్న కూడా కరిగి రెండూ పోతాయి. కానీ దాన్ని నేతి బిస్కెట్ అని మాత్రం అనకండి.

చెన్నైఉక్క
డబ్బాలో పెట్టిన మూడో రోజుకే మెత్తబడితే? ఇక్కడ గాల్లో తడి మామూలుగా ఉండదు.

బట్టీవేడి
వేడి పూర్తిగా పోకముందే మూత పెడితే ఏ ఊళ్లోనైనా మెత్తబడతాయి, ఆవిరి లోపలే ఉండిపోతుంది. జాలీ మీద గంటసేపు ఆరనిచ్చి, బిగుతు మూత డబ్బాలో పెట్టండి. ఇప్పటికే మెత్తబడ్డవాటిని 150 డిగ్రీల్లో అయిదు నిమిషాలు పెట్టి, మళ్లీ జాలీ మీద ఆరబెట్టండి. ఇది ఒక్కసారికే, రెండోసారి పెడితే నెయ్యి కారి అడుగు జిడ్డవుతుంది.