డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయి: వాటం పెంచాలా, తూములు పెంచాలా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
అందరికీ నమస్కారం. మా డాబా నలభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. వాస్తు ప్రకారం వాటమంతా ఈశాన్యానికే ఇచ్చి, ఆ మూలలో మూడంగుళాల పైపులు రెండు పెట్టారు. పెద్ద వాన పడితే నీళ్లు దిగడానికి పూటంతా పడుతోంది. ఆ మూల గదిలో సీలింగుకు చెమ్మ వచ్చి సున్నం పెచ్చులు రాలుతోంది. పాత గచ్చు మీదే మరో పొర వేసి వాటం పెంచుదామని మేస్త్రీ గారు అంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు (సివిల్ ఇంజనీరు, విజయవాడ):
నన్నడిగితే పొర వేయించే ముందు తూముల లెక్క చూడాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీటితో సమానం. మీ డాబా సుమారు 110 చదరపు మీటర్లు కనుక, గంటకు 100 మిల్లీమీటర్ల జోరున వాన కురిస్తే గంటలో 11,000 లీటర్లు కిందికి దిగాలి. ఆ జోరుకు మూడంగుళాల పైపు సుమారు 20, నాలుగంగుళాల పైపు సుమారు 40 చదరపు మీటర్ల మేర నీటిని దించగలవు. అంటే ఇప్పుడున్న రెండూ కలిసినా సగం డాబాకైనా చాలవు. 2024 ఆగస్టు ఆఖరి వానలు చూసిన మన ఊరివారికి ఈ జోరు అతిగా తోచదనుకుంటాను.

ఇక వాటం సంగతి. నూరు అడుగులకు ఒక అడుగు లెక్కన ఇచ్చినా, నైరుతి నుంచి ఈశాన్యానికి ఐమూలగా యాభై అడుగులు కనుక నైరుతి మూలన ఆరంగుళాల ఎత్తు లేపాలి. ఒక్కో అంగుళం గచ్చు చదరపు మీటరుకు 50 కిలోల దాకా తూగుతుంది. పాత స్లాబు మీద అంత బరువు పెట్టడం నాకు నచ్చదు. పొడుగు గోడలకు రెండేసి నాలుగంగుళాల తూములు పెట్టి, మధ్య నుంచి అటూ ఇటూ వాటం ఇస్తే మూడంగుళాల ఎత్తుతో సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. అయితే దక్షిణం వైపు నీళ్లు వదలడానికి మా నాన్నగారు ససేమిరా అంటున్నారు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
మా ఇంట్లోనూ ఈ పేచీ వచ్చిందండి. తూములన్నీ ఉత్తరపు, తూర్పు గోడలకే సర్ది పెట్టించాము; వాటం కాస్త ఎక్కువ ఇవ్వవలసి వచ్చినా నీరు నిలవడం లేదు. మా పక్కన వేపచెట్టు ఉంది. చదునైన జాలీ మీద తడి ఆకులు అట్టలా పరుచుకుని తూమును మూసేసేవి. బుట్టలా పైకి ఉబికిన జాలీ బిగించాక ఆకులు దాని చుట్టూ చేరుతున్నా నీరు పైనుంచి దిగిపోతోంది.

జవాబు (సివిల్ ఇంజనీరు, విజయవాడ):
అదీ మంచి మార్గమే. తూము నోరు గచ్చు కంటే అర అంగుళమైనా కిందికి ఉండాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగానే కనిపిస్తుంది. తూములు మూసుకుపోయినా నీరు బయటికి పోయేలా పిట్టగోడలో రెండంగుళాల ఎత్తున ఒక పొర్లుడు రంధ్రం వదిలించండి. చెమ్మ దిగిన మూలలో పాత గచ్చు తీయించి, పైపు చుట్టూ లీకు కట్టించాకే కొత్తది వేయించండి.