అనుభవం లేకుండా అనుభవ పత్రం పెట్టడం ఎంతవరకు తప్పు?

ప్రశ్న – హాస్టల్‌గది

నేను 2022లో బీటెక్ పూర్తి చేశాను. అదే ఏడాది అమ్మకు పక్షవాతం రావడంతో రెండేళ్లకు పైగా ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు అమ్మ చేతికర్ర సాయంతో నడవగలుగుతోంది కనుక హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో ఎనిమిది నెలలు జావా నేర్చుకున్నాను. పని చేయగలనన్న నమ్మకం నాకుంది. కానీ దరఖాస్తులో ‘ఫ్రెషర్’ అని, మధ్యలో గ్యాప్ ఉందని రాసినంతకాలం ఒక్క చోటి నుంచి కూడా పిలుపు రాలేదు.

ఒక కన్సల్టెన్సీ వారు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతామంటున్నారు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే ఇస్తారట. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కోసం ఫోన్ వస్తే వాళ్ల మనిషే జవాబు చెబుతాడట. అందుకు లక్షా ఇరవై వేలు అడిగారు, ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చాను. నా గదిలోని ముగ్గురిలో ఇద్దరు ఇలాగే ఉద్యోగాల్లో చేరి బాగానే పనిచేసుకుంటున్నారు.

పని నిజంగా వచ్చినప్పుడు, ఆ కాగితం వల్ల నష్టపోయేది ఎవరు? నాన్నగారి స్నేహితులొకరు, ‘ప్రాణానికీ విత్తానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడే బలిచక్రవర్తికి చెప్పాడు కదమ్మా’ అన్నారు. ఆ మాటతో సరిపెట్టుకుందామంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. అందుకే అడుగుతున్నాను.

జవాబు – బల్లకు అవతల

నేను పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ముందుగా మా వైపు తప్పును ఒప్పుకోవాలి. ఆరు నెలల శిక్షణతో ఎవరైనా చేయగల పనికి మూడేళ్ల అనుభవం కావాలని ప్రకటన ఇచ్చేది మేమే; గ్యాప్ కనిపించగానే, అది ఎందుకు వచ్చిందో చదవకుండానే దరఖాస్తును పక్కన పెట్టేదీ మేమే. ఈ అన్యాయం లేకపోతే అలాంటి కన్సల్టెన్సీలకు గిరాకీ ఉండేది కాదు.

అయినా, నష్టపోయేది ఎవరని మీరు అడిగారు గనుక చెబుతున్నాను. మీలాగే ఫ్రెషర్ అని నిజం రాసి, మీకంటే ముందే వరుసలో నిలబడ్డ అమ్మాయి మొదట నష్టపోతుంది. ఆమె పేరు మీకు ఎప్పటికీ తెలియదు. ఆమె దరఖాస్తు నా దాకా రాకపోవడానికి, దొంగ అనుభవంతో వచ్చిన యాభై దరఖాస్తులు పైన పేరుకుపోవడం కూడా ఒక కారణం. ఆ తరువాత నష్టపోయేది మీ టీములోని మనిషి. మూడేళ్ల అనుభవం ఉన్నవారికి ఇచ్చే పని మీకు ఇస్తారు. కోర్సులో నేర్పని సమస్య వచ్చిన రాత్రి, మీ పక్క సీటులో ఉన్న వ్యక్తి తన పనితో పాటు మీ పని కూడా చేస్తాడు, చాలాసార్లు ఎవరికీ చెప్పకుండానే. మీ గదిలోని ఇద్దరూ బాగానే చేస్తున్నారంటే, మొదటి ఆరు నెలలు వాళ్ల భారం ఎవరు మోశారో ఒకసారి అడిగి చూడండి.

శుక్రాచార్యుడి మాట విషయం. ఆయన చెప్పిన మినహాయింపు ఉన్నదాన్ని కాపాడుకోవడానికే గాని, లేనిదాన్ని సంపాదించుకోవడానికి కాదని నేను అర్థం చేసుకున్నాను. పైగా ఆ సలహా విన్న బలి దాన్ని పాటించలేదు.

జవాబు – మూడేళ్లు తక్కువ

మీరు నిలబడిన చోట నేను 2017లో నిలబడి, ‘సరే’ అన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పత్రాలతో పాటు నాకు రెండు పేజీల కాగితం ఒకటి ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. నేను ఎన్నడూ చూడని ఆఫీసు ఏ అంతస్తులో ఉంది, నా మేనేజరు పేరేమిటి, క్యాంటీన్ ఎటువైపు ఉండేది, చివరి రోజు ఎవరెవరు వీడ్కోలు చెప్పారు – అన్నీ అందులో ఉన్నాయి. ఉద్యోగం వచ్చింది. పని కూడా ఏడాదిలో బాగానే పట్టుబడింది. నన్ను ఎవరూ పట్టుకోలేదు.

పట్టుకోకపోయినా ఆ కాగితం నన్ను వదల్లేదు. చేరిన వారానికే, భోజనాల దగ్గర ఒకాయన ‘మీ పాత ఆఫీసు దగ్గరే మా ఇల్లు, ఆ సందు చివర టిఫిన్ సెంటర్ ఇంకా ఉందా?’ అని ఆప్యాయంగా అడిగాడు. ఉందన్నాను. నాతో స్నేహం చేయాలనుకున్న మనిషిని ఆ రోజు నుంచి తప్పించుకు తిరిగాను. పెళ్లిచూపుల్లో ఎనిమిదేళ్ల సర్వీసు అని చెప్పాల్సి వచ్చింది, నిజానికి అది అయిదే. కంపెనీ అమెరికా పంపుతానన్నప్పుడు వీసా ఫారంలో పాత ఉద్యోగాల గడి దగ్గర ఆగిపోయాను; అక్కడ తెలిసి తెలిసి అబద్ధం రాస్తే అది ఆ దేశంలో అడుగుపెట్టకుండా జీవితకాలం అడ్డుపడగలదు. ఇంటి పరిస్థితులు బాగాలేవని చెప్పి అవకాశం వదులుకున్నాను, అదీ ఇంకొక అబద్ధమే. ఒకసారి రాసిన అబద్ధం ఒక్కసారితో ముగుస్తుందని నేను అనుకున్నాను, కానీ ప్రతి కొత్త ఫారమూ దాన్ని మళ్లీ నా చేతనే రాయించింది.

చివరికి పీఎఫ్ దగ్గర దొరికిపోయాను. యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే ఒకే నంబరు) మీద ఏ సంస్థ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు డబ్బు కట్టిందో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. నా మొదటి ‘కంపెనీ’ అందులో లేదు. కొత్త కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఆ మూడేళ్లు తీసేసి, జీతం తగ్గినా నా అసలు అనుభవంతోనే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. నా భార్యకు చెప్పిన రోజు ఆమె కోప్పడలేదు. ‘ఇంకేమైనా ఉందా?’ అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నను నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

ఒక్క మాట వెంటనే వినండి: మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టకండి.

జవాబు – పాతలెడ్జరు

నేను బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ‘కంపెనీకి పోయేదేముంది’ అన్నట్టే ‘బ్యాంకుకు పోయేదేముంది, వేల కోట్లు ఎగవేసినవాళ్లు లేరా’ అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను. ఆదాయం పెంచి చూపిన పత్రాలతో ఒకాయన అప్పు తీసుకున్నాడు, ఆయన ఊరి ఉపాధ్యాయుడొకరు ఆ పత్రాలు నిజమని నమ్మి జామీను సంతకం చేశారు. వాయిదాలు ఆగిపోయాక, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే అని ఆ ఉపాధ్యాయుడికి వివరించాల్సిన పని నామీద పడింది. కూతురి పెళ్లికి దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన తీసి కట్టేశారు. సంస్థను మోసం చేస్తున్నాననుకున్న మనిషి మోసం చేసింది తన ఊరివాడినే.

చెప్పకుండా ఉండటానికీ, అబద్ధం చెప్పడానికీ తేడా ఉందని కూడా మీరు గుర్తుంచుకోవాలి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఉద్యోగ ధ్రువీకరణ ఫారంలో పాత కేసులు దాచిన సందర్భాలను పరిశీలిస్తూ, అడిగిన ప్రశ్న స్పష్టంగా ఉండాలనీ, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను యజమాని తన విచక్షణతో క్షమించవచ్చుననీ అన్నది. మనిషి వయసునూ పరిస్థితినీ చూడాలన్న ఆ దృష్టి నాకు న్యాయంగా తోచింది. కానీ మీ కన్సల్టెన్సీ వారు చేయమంటున్నది దాచడం కాదు, లేని పేస్లిప్పు సృష్టించడం. భారతీయ న్యాయ సంహితలో మోసం కోసం పత్రాన్ని కల్పించడానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, దాన్ని అసలుదని వాడినవారికీ అదే వర్తిస్తుంది. వాళ్లు తయారుచేసినా, సమర్పించేది మీరేనమ్మా.

అమ్మగారికి సేవ చేసిన రెండేళ్లను మచ్చగా చూసి దాచకండి. ‘తల్లి అనారోగ్యం వల్ల ఇంటి బాధ్యత’ అని ఒక్క వాక్యం రాయండి.

హాస్టల్‌గది

అందరికీ నమస్కారం. మీ జవాబులు రెండుసార్లు చదివాను. నా గదిలోని అక్కను, మొదట్లో పని ఎవరు నేర్పించారని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు, తరువాత ఒక పేరు చెప్పి, ఆయన ఈ మధ్యే ఉద్యోగం మానేశారని చెప్పింది.

నా పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్ ఇప్పటికే కన్సల్టెన్సీ వారి దగ్గర ఉన్నాయి. రేపు ఉదయం వెళ్లి వాటిని అడుగుతాను. అడ్వాన్సు తిరిగి ఇవ్వరేమో, ఆ ఇరవై వేల గురించి నాన్నకు చెప్పాలి. బల్లకు అవతల గారూ, గ్యాప్ గురించిన వాక్యాన్ని రెజ్యూమేలో ఎక్కడ పెడితే మీలాంటివారు చదువుతారో చెప్పగలరా?