డీసీ పక్క గదిలోనే ఉంది, లాగిన్ మాత్రం షికాగోకి పోతోంది. ఏం చేయాలి?

కాకినాడ_అడ్మిన్:
అందరికీ నమస్కారం. రెండు నెలల కిందట మా బ్రాంచి ఆఫీసు భానుగుడి నుంచి సర్పవరం వైపు కొత్త బిల్డింగ్‌కి మారింది. అప్పటి నుంచి పొద్దున తొమ్మిదింటికి పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ రావడానికి ఆరేడు నిమిషాలు పడుతోంది. యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ, లాగిన్లన్నీ ఒకచోట నడిపే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) వాడుతున్నాం, మా సర్వర్ రూమ్‌లోనే ఒక డొమైన్ కంట్రోలర్ (డీసీ, అంటే లాగిన్లు సరిచూసే సర్వర్) ఉంది, హైదరాబాద్‌లో రెండు, షికాగోలో నాలుగు. ఇవాళ రిసెప్షన్ పీసీలో లాగాన్‌సర్వర్ వేరియబుల్ (ఏ డీసీ లాగిన్ చేయించిందో చెప్పేది) చూస్తే షికాగో డీసీ పేరు కనిపించింది! గోడ అవతల ఉన్న డీసీ మూడు శాతం సీపీయూతో ఖాళీగా ఉంది. అకౌంట్స్ సెక్షన్‌లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. క్లయింట్లకి ముందు ఈ సర్వర్‌ని అడగండి అని చెప్పేది ఎక్కడ? మేనేజర్ రోజూ అడుగుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్:
అకౌంట్స్ వాళ్ల ఐపీ, రిసెప్షన్ ఐపీ ఒకే రేంజా?

కాకినాడ_అడ్మిన్:
కాదన్నా. అకౌంట్స్ స్విచ్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు, పాత 10.20.45 రేంజే. మిగతా ఫ్లోర్లకి నెట్‌వర్క్ వాళ్లు 46, 47 కొత్తగా ఇచ్చారు.

రాత్రిషిఫ్ట్:
అయితే దొరికినట్టే. క్లయింట్‌కి తానెక్కడున్నదీ తనకి తెలియదు తమ్ముడూ. ముందు డీఎన్‌ఎస్‌ని (పేర్లకి అడ్రసులు చెప్పే సర్వర్) అడిగి డొమైన్‌లో ఉన్న డీసీల ఎస్‌ఆర్‌వీ రికార్డులు (ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేవి) తెచ్చుకుంటుంది, అందులో ఒకదానికి యూడీపీ 389 మీద చిన్న పలకరింపు పంపుతుంది, ఆ డీసీ క్లయింట్ ఐపీ చూసి, సైట్స్ అండ్ సర్వీసెస్ అనే టూల్‌లో ఒక్కో సైట్‌కి (అంటే ఒక్కో ఆఫీసుకి) రాసి ఉన్న సబ్‌నెట్లతో, అంటే ఐపీ రేంజ్‌లతో పోల్చి, "నువ్వు ఫలానా సైట్" అని చెబుతుంది. అప్పుడు క్లయింట్ ఆ సైట్ పేరుతో మళ్లీ డీఎన్‌ఎస్‌ని అడిగి దగ్గరి డీసీకి వెళ్తుంది. మీ 46, 47 అక్కడ రాసి లేకపోతే ఏ సైటూ దొరకదు, మొదట పలికిన డీసీతోనే ఉండిపోతుంది. ఎస్‌ఆర్‌వీ ప్రయారిటీ (చిన్న అంకె ఉన్నది ముందు) అన్నిటికీ 0, వెయిట్ 100, ఎవరూ ముట్టుకోకపోతే అవే ఉంటాయి, కాబట్టి ఏడు డీసీల్లో ఏది తగిలితే అది. నమ్మకం కుదరకపోతే ఏదైనా డీసీలో విండోస్ ఫోల్డర్ కింద డీబగ్‌లో నెట్‌లాగాన్ లాగ్ తెరిచి నో క్లయింట్ సైట్ అని వెతకండి.

కాకినాడ_అడ్మిన్:
చూశాను. షికాగో డీసీలో ఆ లాగ్ నిండా మావే. ఒక్క సోమవారమే వందల లైన్లు, అన్నీ 10.20.46, 10.20.47తో మొదలయ్యేవే. సిస్టమ్ ఈవెంట్లలో 5807 కూడా ఉంది, సైట్‌కి చెందని క్లయింట్లు వస్తున్నాయని. రెండు నెలలుగా అది అరుస్తూనే ఉంది, ఇక్కడ మేం ఎవరం చూడలేదు.

గుంటూరు_సిస్టమ్స్:
ఇంత తిరగడం ఎందుకు, నెట్‌లాగాన్ పారామీటర్స్ రిజిస్ట్రీలో సైట్‌నేమ్ అని వాల్యూ పెట్టి గ్రూప్ పాలసీతో అన్ని పీసీలకీ తోసేయండి. మా దగ్గర గంటలో అయిపోయింది.

డల్లాస్_పద్మ:
దయచేసి అది చేయకండి. నేను చేసి అనుభవించాను. ఆ వాల్యూ ఉంటే డీసీ చెప్పిన సైట్‌ని క్లయింట్ పట్టించుకోదు. డెస్క్‌టాప్‌లకి పర్వాలేదనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌ల దగ్గరే అసలు గొడవ. మా దగ్గర సేల్స్ వాళ్లు ఇంకో ఊరి ఆఫీసుకి వెళ్లి కూర్చున్నా, అక్కడ డీసీ ఉన్నా, వాళ్ల ల్యాప్‌టాప్‌లు సొంతూరి డీసీ కోసమే వ్యాన్ లింకు (ఊళ్ల మధ్య నెట్‌వర్క్ లింకు) మీద పడి పోయేవి. ఎందుకిలా అవుతోందో తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఆ పాలసీ పెట్టిన ఆయన అప్పటికే ఉద్యోగం మారిపోయారు, ఎక్కడా రాసి పెట్టలేదు. ఏ సర్వర్ ఎవరికి దగ్గరో ఒక్కచోట, మధ్యలో రాసి ఉండాలి, ఒక్కో మెషీన్‌లో కాదు.

పాత_సోలారిస్:
పద్మ గారు చెప్పింది అక్షరాలా నిజం, ఇది ఈనాటి సమస్యా కాదు. నేను సోలారిస్ అనే యూనిక్స్ మీద ఎన్‌ఐఎస్ ప్లస్ (యూజర్ల, మెషీన్ల పేర్లు ఒకచోట ఉంచే డైరెక్టరీ) నడిపినవాణ్ణి (సోలారిస్ 11లో దాన్ని పూర్తిగా తీసేశారు, కుర్రాళ్లు విని ఉండకపోవచ్చు). అందులో నిస్‌ప్రెఫ్‌యాడ్మ్ అనే కమాండ్‌తో ఒక్కో సర్వర్‌కి ఒక అంకె ఇచ్చేవాళ్లం, అంకె ఎంత చిన్నదైతే అంత ముందు. అంకె ఇవ్వనివి వరుసలో చిట్టచివర. సబ్‌నెట్ మొత్తానికి కలిపి మధ్యలో పెట్టొచ్చు, లేదా ఒక్క మెషీన్‌లో లోకల్‌గా పెట్టొచ్చు, లోకల్‌ది ఉంటే అదే చెల్లుతుంది. ఇంకో సెట్టింగ్ ఉండేది: వరుసలో ఉన్నవేవీ పలకకపోతే మిగతా సర్వర్లని అడగాలా, లేక వరుసలో ఉన్నవి మాత్రమేనా అని. నేను లింకు మీద భారం తగ్గుతుందని రెండోది పెట్టి, వరుసలో ఒకే ఒక్క రెప్లికా (నకలు సర్వర్) రాశాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఆ రెప్లికా ఆగింది, యూపీఎస్ మీద ఉన్న వర్క్‌స్టేషన్లన్నీ బతికే ఉన్నా ఎవరి పేరు అడిగినా జవాబు లేదు, ఎల్‌ఎస్ కొడితే కూడా వేలాడేది. మిగతా రెండు రెప్లికాలు పక్క బ్లాక్‌లో ఆడుతూనే ఉన్నాయి, వాటిని అడగొద్దని చెప్పింది నేనే. ముందెవరో చెప్పండి, కానీ తర్వాతెవరో కూడా చెప్పండి.

లైనక్స్_శీను:
లైనక్స్ మెషీన్లు ఉంటే అవీ చూసుకోండి. మా వాళ్లు ఎస్ఎస్ఎస్‌డీ (లైనక్స్ లాగిన్లని ఏడీకి కలిపే సర్వీసు) కాన్ఫిగ్‌లో ఏడీ సర్వర్ లైన్‌లో ఒకే డీసీ పేరు రాసి వదిలేశారు, ప్యాచ్‌ల కోసం దాన్ని రీబూట్ చేసిన రాత్రి ముప్పై సర్వర్లకి కొత్తగా ఎవరూ లాగిన్ కాలేకపోయారు. ఇప్పుడు ఆ లైన్ మొత్తం తీసేశాం, ఎస్ఎస్ఎస్‌డీ డీఎన్‌ఎస్‌తో సైట్ తానే వెతుక్కుంటుంది. తప్పనిసరై పేరు రాయాల్సిన చోట పేరు తర్వాత కామా పెట్టి అండర్‌స్కోర్ ఎస్‌ఆర్‌వీ అండర్‌స్కోర్ అని చేర్చాం, అది పలకకపోతే డీఎన్‌ఎస్‌లో వెతుకుతుంది. సైట్ బలవంతంగా చెప్పాలంటే ఏడీ సైట్ అనే ఆప్షన్ కూడా ఉంది.

కాకినాడ_అడ్మిన్:
అన్నా, నిన్న సాయంత్రం నాలుగున్నరకి రెండు సబ్‌నెట్లూ కాకినాడ సైట్‌కి చేర్చాను. ఆరింటికి కూడా రిసెప్షన్ పీసీ షికాగోకే పోయింది. ఎన్‌ఎల్‌టెస్ట్ కమాండ్‌తో (ఏ డీసీ దొరుకుతుందో చూపేది) ఫోర్స్ పెట్టి అడిగినా అదే డీసీ పేరు. ఎక్కడ తప్పు చేశాను?

రాత్రిషిఫ్ట్:
తప్పేమీ చేయలేదు. మీరు రాసింది హైదరాబాద్ డీసీలోనో మీ డీసీలోనో ఉంటుంది, షికాగో డీసీకి ఇంకా తెలియదు. సైట్ల మధ్య ఉండే సైట్ లింక్ మీద రెప్లికేషన్ (డీసీలు మార్పులు పంచుకోవడం) సెట్టింగ్ మార్చకపోతే 180 నిమిషాలకోసారి. అంతవరకూ షికాగో డీసీని అడిగితే "నువ్వెవరో నాకు తెలియదు" అనే అంటుంది. రెప్‌యాడ్మిన్ కమాండ్‌తో సింక్ చేయండి, లేదా ఆగండి. ఆ తర్వాత క్లయింట్ పావుగంటలో తనంతట తానే దగ్గరిదాన్ని వెతుక్కుంటుంది. ఇంకో మాట, లాగాన్‌సర్వర్ వేరియబుల్ లాగిన్ అయినప్పటిదే చూపిస్తుంది, తర్వాత డీసీ మారినా అది మారదు. ఎన్‌ఎల్‌టెస్ట్ చెప్పిందే నమ్మండి.

గుంటూరు_సిస్టమ్స్:
సరే, ఆ రిజిస్ట్రీ వాల్యూ నేనూ తీసేస్తాను, మా దగ్గర ల్యాప్‌టాప్‌లు పెరుగుతున్నాయి. ఒక డౌటు. షికాగో డీసీలకి ఎస్‌ఆర్‌వీ ప్రయారిటీ అంకె పెంచితే ఇండియా క్లయింట్లు అటు పోవు కదా?

డల్లాస్_పద్మ:
ఆ అంకె అందరికీ ఒకటే. షికాగోలో కూర్చున్నవాళ్లకీ అదే కనిపిస్తుంది, సైట్ దొరకని అక్కడి మెషీన్ కూడా ముందు ఇండియాకే వస్తుంది. ప్రయారిటీ, వెయిట్ ఎక్కడ పనికొస్తాయంటే ఒకే సైట్‌లో నాలుగు డీసీలు ఉండి, పీడీసీ (కొన్ని ప్రత్యేక పనులు కూడా చేసే డీసీ) మీద భారం తగ్గించాలనుకున్నప్పుడు. ఇక బ్రాంచి డీసీ విషయంలో దీనికి తిరగేసి ఆలోచించాలి: ఎక్కడో హైదరాబాద్‌లో డీసీ పడిపోతే అక్కడి జనం కాకినాడ సన్నటి లింకు మీద పడకూడదు. దానికి గ్రూప్ పాలసీలో, బ్రాంచి డీసీ తన సైట్ రికార్డులు మాత్రమే డీఎన్‌ఎస్‌లో పెట్టి, డొమైన్ మొత్తానికి సంబంధించినవి పెట్టకుండా ఆపే సెట్టింగ్ ఉంది. కాకినాడ డీసీయే పడిపోతే క్లయింట్లు హైదరాబాద్ పోవాలి కాబట్టి ట్రై నెక్స్ట్ క్లోజెస్ట్ సైట్ పాలసీ ఆన్ చేయండి, సైట్ లింక్ ఖర్చులు (అంకె ఎంత తక్కువైతే ఆ సైట్ అంత దగ్గర) సరిచూడండి. అన్నీ 100గానే ఉంటే దానికి హైదరాబాదూ షికాగోయూ ఒకే దూరం. వీపీఎన్ పూల్ (బయటి నుంచి కలిసేవాళ్లకి ఇచ్చే ఐపీలు) సబ్‌నెట్ మర్చిపోవద్దు.

కాకినాడ_అడ్మిన్:
ఇవాళ పొద్దున తొమ్మిదింటికి రిసెప్షన్ దగ్గరే నిలబడ్డాను. ఆవిడ పాస్‌వర్డ్ కొట్టి అలవాటుగా టీకి లేవబోయారు, లేచేలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది. ఇరవై సెకన్లు. హైదరాబాద్ లింక్ ఖర్చు 50కి తగ్గించి, షికాగోది 400 చేశాం, వీపీఎన్ పూల్ హైదరాబాద్ సైట్‌కి చేర్చాం. మధ్యాహ్నం అనుమతి తీసుకుని మా డీసీని పది నిమిషాలు ఆపి చూశాం, క్లయింట్లు హైదరాబాద్‌కే వెళ్లాయి. అందరికీ చాలా థ్యాంక్స్. లాగ్‌లో ఒకే ఒక్క ఐపీ మిగిలింది, 10.20.48.19, అది ఏ మెషీనో అంతు పట్టడం లేదు.

రాత్రిషిఫ్ట్:
స్విచ్‌లో దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) పట్టుకుని పోర్టు చూడండి.

కాకినాడ_అడ్మిన్:
దొరికిందన్నా. గేటు దగ్గర అటెండెన్స్ మెషీన్‌కి కలిపిన పీసీ. సెక్యూరిటీ క్యాబిన్‌కి 48 వేరే రేంజ్ ఇచ్చారట, మాకు చెప్పలేదు. అదీ చేర్చాను.