మామిడి పూత మీద పడే తేనెమంచు పురుగుకి తేదీ చూసి మందు కొట్టాలా, పురుగు చూసి కొట్టాలా?

సువర్ణరేఖ_భీమిలి:
మాది ఆనందపురం పక్కన తోట. సువర్ణరేఖ ఎక్కువ, కొంచెం బంగినపల్లి. నేనుండేది విశాఖ ఎంవీపీ కాలనీ, ఆదివారాలే వెళ్తాను, అందుకే గుత్తకిస్తాం. పోయినేడు తీసుకున్నాయన పూత ఉందా లేదా, పురుగుందా లేదా చూడకుండా తేదీ పెట్టుకుని డ్రమ్ములు కలిపించేశాడు, పూత పూర్తిగా విచ్చుకున్నాక కూడా. వచ్చే సీజన్‌కి బేరం మాట్లాడే ముందే తేల్చుకుందామని అడుగుతున్నాను. నా మటుకు పురుగు చూశాకే కొట్టాలి.

అగ్రి_నర్సీపట్నం:
పురుగు చూసే కొట్టాలి మేడమ్. మామూలుగా పూగుత్తికి అయిదు పురుగులు దాటితే మందు అంటారు. ఇది పూత లేనప్పుడు బెరడు పగుళ్లలో దాక్కుంటుంది, పూమొగ్గ కదలగానే పైకెక్కి పూకాడల్లో, లేతాకుల్లో గుడ్లు పెడుతుంది. రెండు మూడు వారాల్లో ఒక తరం అయిపోద్ది. పిల్లపురుగులు రసం పీలిస్తే పూత ఎండి రాలిపోద్ది, అవి కార్చే బంక మీద మసి పడతాది. కాబట్టి చూడాల్సింది పూగుత్తి బయటకొచ్చి ఇంకా విచ్చని టైములో. అప్పుడు పురుగుంటే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతంది లీటరుకి 0.3 మి.లీ. చాలు, చాలామంది దానికి రెట్టింపు పోస్తారు. పూత విచ్చాక ఆపేయాలి, పిందె బఠాణీ సైజుకొచ్చాక మళ్లీ చూసుకుని అవసరమైతే వేరే రకం మందు. పైరెత్రాయిడ్ మందులు మాటిమాటికీ కొడితే పురుగుని తినే సాలీళ్లూ అక్షింతల పురుగులూ చచ్చి తేనెమంచు ఇంకా ఎక్కువగా తిరగబడతాది. అన్నిటికన్నా ముందు కాయ కోశాక జూన్, జులైలో చెట్టు నడుమ కొమ్మలు తీయించి ఎండ పడనివ్వండి. చీకటీ చెమ్మా ఉన్న తోటలోనే ఇది పెరుగుద్ది.

గుత్త_తోటలు_కొత్తవలస:
ముప్పై అడుగుల చెట్టు మీద గుత్తికి అయిదు పురుగులు ఎవరు లెక్కెడతారండీ? ఎక్కి లెక్కెట్టే మనిషి కూలి ఎవరిస్తారు? నేను ఇరవై ఏళ్లుగా తోటలు తీసుకుంటున్నాను, ఒక్క ఏడు మందు ఆలస్యమైతే పూతంతా నల్లగా మాడిపోయింది. మబ్బు పట్టి రెండ్రోజులు మంచు కురిస్తే ఆ పురుగు మీ లెక్క కోసం ఆగదు.

మధురవాడ_కుర్రాడు:
మా అన్నయ్య కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల వైపు పనిచేస్తున్నాడు. అక్కడా ఈ కుటుంబంలోదే ఇంకో రకం పురుగు, దోమ అంటాం, ఆకులు తిప్పి అడుగున పిల్లపురుగుల్ని లెక్కెడతారంట. వైన్ ద్రాక్షయితే ఆకుకి పదిహేను ఇరవై దాకా తట్టుకుంటుందని ఆగుతారంట. ఆ గుడ్లని తినే చిన్న కందిరీగ లాంటిది ఉంటదంట, మందు కొడితే అదీ పోద్దని భయం.

గుత్త_తోటలు_కొత్తవలస:
ద్రాక్ష తీగ మనిషి ఎత్తులో ఉంటది బాబూ, ఆకు తిప్పొచ్చు. పైగా అక్కడ దోమ ఆకు మీద పడతాది, ఇక్కడ పూత మీదే పడతాది. ఆకు పోతే తీగ కోలుకుంటది, పూత పోతే నా ఏడాది పోయినట్టే.

అగ్రి_నర్సీపట్నం:
పూత సంగతి మీరన్నది నిజం, అందుకే మన దగ్గర లెక్క తక్కువ పెట్టారు. కానీ చెట్టెక్కక్కర్లేదు. అందే కొమ్మలు నాలుగు వైపులా చూడండి, తెల్ల గుడ్డ కింద పట్టి గుత్తిని తట్టండి. తోటలో ఓ పదిపదిహేను చెట్లు చూస్తే తెలిసిపోద్ది. పురుగు బాగా ఉంటే కొమ్మ కదపగానే చిటచిటమని ఎగిరి మొహానే పడతాయి.

గుత్త_తోటలు_కొత్తవలస:
కింద కొమ్మకి మూడుంటాయి, పై కొమ్మకి పదుంటాయి. అప్పుడు మీ అయిదు ఏ కొమ్మది?

అగ్రి_నర్సీపట్నం:
సరాసరి అండి. పురుగు నీడ పట్టున, లోపలి కొమ్మల్లోనే ఎక్కువుంటది, కాబట్టి కింద చూసింది తప్పుదారి పట్టించదు.

గుత్త_తోటలు_కొత్తవలస:
సరాసరి మీద నేను లక్షలు పెట్టలేను.

తేనె_అనకాపల్లి:
నాకూ చెప్పనివ్వండి. మా తేనెటీగల పెట్టెలు ఒకళ్ల మామిడితోట గట్టున పెట్టాను, వాళ్లనడిగే పెట్టాను. పూత మీద పొద్దున్నే మందు కొట్టేశారు, ఒక్క మాట చెప్పలేదు. సాయంత్రానికి పెట్టెల ముందు ఈగలు కుప్పలు. మామిడి పూత మీద వాలి పిందె కట్టించేది తేనెటీగలూ మామూలు ఈగలే కదా, వాటినే చంపుకుంటే మీకేం మిగుల్తుంది? ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటివి యూరప్‌లో 2018లో ఆరుబయట పంటల మీద వాడొద్దని ఆపేసింది ఈ ఈగల కోసమే. ఇక్కడ కనీసం ముందురోజు ఫోన్ చేస్తే మూత వేసుకుంటాను.

గుత్త_తోటలు_కొత్తవలస:
మీ నష్టానికి బాధే. కానీ నా పూత రాలితే నాకెవరూ ఫోన్ చెయ్యరు.

సువర్ణరేఖ_భీమిలి:
ఎంతసేపూ మీ పూత, మీ లక్షలు. మా కాపలాదారు కళ్లు మంటలని, వాంతులని పడుకుంటే అతనికి చేతి తొడుగు కూడా ఇవ్వలేదు ఆ గుత్తదారు. ఆ తోటలో బావి నీళ్లే వాళ్ల గుంటలు తాగుతారు. మీరు కాయ ఎత్తుకుని మే నెలాఖరుకి వెళ్లిపోతారు, మందుకి అలవాటుపడిన పురుగు మా బెరడులోనే ఉంటది.

గుత్త_తోటలు_కొత్తవలస:
తొడుగులివ్వకపోడం తప్పే, నా మనుషులకి నేనిస్తాను. కానీ అసలు మాట నన్ను చెప్పనివ్వండమ్మా. పూత రాకముందే సగం డబ్బు మీ చేతిలో పోస్తాం. పూత మాడినా, గాలివాన కొట్టినా మీరు ఒక్క రూపాయి వెనక్కివ్వరు. నష్టం మొత్తం నా మీద పెట్టి మందు మాత్రం మీరు చెప్పినట్టు కొట్టమంటే ఎలగ? నాకు మూడేళ్లకి తోటివ్వండి. కొమ్మలు నేనే తీయిస్తాను, గుడ్డ పట్టి పురుగులు నేనే చూపిస్తాను, పూత మీద మందు ముట్టను. ఒక్క ఏడాదికిచ్చే తోటలో వచ్చే ఏటి పురుగు గురించి నేనెందుకు చూడాలి?

అగ్రి_నర్సీపట్నం:
మూడేళ్లయితే మంచిదే మేడమ్. కొమ్మలు తీయించిన ఫలితం వెంటనే మొదటేడే రాదు.

సువర్ణరేఖ_భీమిలి:
మూడేళ్లకి ఇవ్వలేను. మా తమ్ముళ్లిద్దరూ భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోందని లేఅవుట్‌కి ఇచ్చేద్దామంటున్నారు. నేనొక్కదాన్నే వద్దని పట్టుబట్టాను, ఎన్నాళ్లాపగలనో నాకే తెలీదు.

గుత్త_తోటలు_కొత్తవలస:
అదే కదమ్మా. రేపు మీరు ప్లాట్లేస్తే నేను బాగుచేసిన చెట్లు జేసీబీకే కదా పోతాయి.

సువర్ణరేఖ_భీమిలి:
పోతే పోనివ్వండి, ఉన్నన్నాళ్లూ అవి నాన్న పెట్టిన చెట్లు. ఈ ఏడు కాగితం మీద రాయిస్తాను: పూత విచ్చకముందు పురుగు చూపించి ఒక్క మందు, విచ్చాక బందు, కొట్టేవాళ్లకి తొడుగులూ మాస్కూ, చుట్టుపక్కల ఈగల పెట్టెలవాళ్లకి ముందురోజు కబురు. దానికి గుత్తలో పాతికవేలు తగ్గిస్తాను, పూత మాడితే అడ్వాన్సులో నాలుగోవంతు వెనక్కిస్తాను. మీకు ఒప్పుదలైతే చెప్పండి, లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాను.

గుత్త_తోటలు_కొత్తవలస:
నాలుగోవంతు కాదు, సగం. చెట్లెన్ని?