ప్రేమ నవలలో చివరి ఎడబాటు: అవసరమా, అలవాటా?

తీరిక వేళ (చర్చ ప్రారంభం):

సమకాలీన ప్రేమ నవలలను ఇష్టంగా చదివేవారిలో నేనూ ఒకరిని. కనుక ఈ ప్రశ్నలో ఎగతాళి వెతకవద్దని మనవి. నవల నాలుగింట మూడు వంతులు పూర్తయి, నాయికా నాయకులు ఒకరికొకరు అర్థమై, వాళ్లిద్దరి మీదా మనకు నమ్మకం కుదిరిన తరువాత, ఎక్కడి నుంచో ఒక అపార్థం ఊడిపడి ఇద్దరినీ విడదీస్తుంది. ఆంగ్ల నవలల పాఠకులు దీన్ని 'థర్డ్ యాక్ట్ బ్రేకప్' అంటారు. సగం విన్న ఫోన్ సంభాషణ, ఆలస్యంగా బయటపడిన పందెం, తిరిగివచ్చిన పాత ప్రేయసి, దూరపు నగరంలో ఉద్యోగం, ఇలా కారణం ఏదైనా కావచ్చు. ఆపైన రెండు అధ్యాయాల కన్నీళ్లు, ఒక స్నేహితురాలి హితబోధ, పదిమంది ఎదుట ఒక క్షమాపణ, సుఖాంతం.

విడిపోవడం మీద నాకు అభ్యంతరం లేదు. అందుకోసం పాత్రలు తమ స్వభావాన్ని వదులుకోవలసి రావడమే బాధిస్తోంది. ఎంతటి సాక్షినైనా నిమిషాల్లో నిలదీయగల న్యాయవాదిగా మనకు పరిచయమైన నాయిక, ప్రియుడిని "ఆ మాట ఎవరి గురించి అన్నావు?" అని ఒక్క ప్రశ్న అడగలేక పెట్టె సర్దుకుంటుంది. మితభాషి అయినా మాట తప్పడని మనం ఇష్టపడ్డ నాయకుడు, ఆమెకు తనకంటే మంచివాడు దొరకాలని తానే తీర్మానించి మాయమవుతాడు. ట్రోప్‌లంటే, అంటే కథల్లో పదేపదే వాడే పరిచిత మలుపులంటే, నాకు చిన్నచూపు లేదు. శత్రువులుగా మొదలై ప్రేమికులయ్యే కథనూ, అవసరం కొద్దీ ప్రేమ నటించబోయి అందులోనే చిక్కుకుపోయే కథనూ ఎన్నిసార్లైనా చదువుతాను. అక్కడ ట్రోప్ పాత్రలను ఇరుకున పెట్టి వాళ్లేమిటో బయటపెడుతుంది. చివరి ఎడబాటు మాత్రం అంతవరకూ బయటపడినదాన్ని చెరిపేస్తోంది. సుఖాంతం ఎలాగూ ఖాయమైన ఈ తరహా నవలకు ఇది అవసరమా?

అర్ధవిరామం:

తీరిక వేళ గారూ, సుఖాంతం ఖాయం కనుక ఎడబాటు వద్దనడం నాకు తలకిందుల వాదంగా తోస్తోంది. ముగింపు ముందే తెలిసిన కథలో 'కలుస్తారా' అన్న ఉత్కంఠ ఎలాగూ ఉండదు. ఏం పోగొట్టుకుని, ఏం తెలుసుకుని కలుస్తారన్నదే మిగులుతుంది. మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రకారులు, శృంగారాన్ని సంభోగమనీ (కలయిక) విప్రలంభమనీ (ఎడబాటు) రెండుగా చెప్పి, విప్రలంభం లేనిదే సంభోగానికి పుష్టి రాదన్నారు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు ఆ విప్రలంభాన్ని పూర్వరాగం (కలయికకు ముందటి అనురాగం), మానం (అలక), ప్రవాసం (దూరాన ఉండడం), కరుణం (మరణం తెచ్చిన ఎడబాటు) అని నాలుగు విధాలుగా విభజించాడు. మీరు చెప్పిన దూరపు ఉద్యోగం ప్రవాసంలో ఇముడుతుంది, అపార్థాల్లో చాలా భాగం మానంలోకి వస్తుంది. ఆంగ్ల ప్రేమ నవల నిర్మాణంపై 2003లో పుస్తకం ప్రచురించిన పమేలా రీజిస్ కూడా, తాను గుర్తించిన ఎనిమిది ముఖ్యాంశాలలో, ఇక కలయిక అసాధ్యమనిపించే ఘట్టాన్ని ఒకటిగా చేర్చింది.

స్వభావం మాటకు వస్తే కాళిదాసును చూడండి. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను గుర్తుండి కూడా నిండు సభలో ఎరగనంటాడు. కాళిదాసు తన 'అభిజ్ఞాన శాకుంతలం' నాటకంలో దుర్వాసుని శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చి, ఆ నిరాకరణ వెనుక రాజు దుర్బుద్ధి లేకుండా చేశాడు. మీరు కృత్రిమమనే బయటి కారణమే అక్కడ నాయకుడి స్వభావాన్ని కాపాడింది.

మూడో ముద్రణ:

దుర్వాసుని శాపం ఈనాటి నవలలో ఫోన్ ఛార్జింగ్ అయిపోవడంగా అవతరించింది. రెండింటికీ పాఠకులు ఒకే సహనం చూపాలని కోరడం కాస్త అన్యాయం, అర్ధవిరామం గారూ.

తీరిక వేళ:

కాళిదాసు నా పక్షానే ఉన్నాడని నాకు అనిపిస్తోంది. ఆ నాటకంలో ఏడు అంకాలుంటే శాపం నాలుగో అంకంలో, నిరాకరణ ఐదో అంకంలో వస్తాయి. ఉంగరం దొరికిన తరువాత ఆరో అంకమంతా రాజు పశ్చాత్తాపంతో కుమిలిపోవడానికే కేటాయించబడింది. అంటే ఎడబాటుకు కావలసినంత చోటు దొరికింది. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తీసుకున్నా ఇంతే. ఆ నవలలో 61 అధ్యాయాలుంటే నాయకుడు డార్సీ నాయిక ఎలిజబెత్ దగ్గర మొదటిసారి పెళ్లి ప్రస్తావన తెచ్చి తిరస్కారం పొందేది 34వ అధ్యాయంలో. తన అహంకారాన్ని అతనూ, తన తొందరపాటు తీర్పును ఆమె కూడా గుర్తించి మారడానికి దాదాపు సగం పుస్తకం మిగిలి ఉంటుంది. ఇప్పటి నవలల్లో గుండె పగిలేదీ, మనిషి మారేదీ, క్షమించేదీ చివరి యాభై పుటల్లోనే ముగిసిపోవాలి. అంత ఇరుకులో మార్పును చూపించడం కుదరదు కనుక, మారానని నాయకుడు ప్రకటిస్తాడు, నాయిక నమ్ముతుంది. మనం మాత్రం ఎందుకు నమ్మాలో నాకు తెలియడం లేదు.

సిరామరక:

ఈ ఇబ్బందికి కథన పద్ధతిలో కూడా ఒక కారణం ఉందని నా అభిప్రాయం. మిల్స్ అండ్ బూన్ అనే ఆంగ్ల ప్రచురణ సంస్థ వేసిన పాత తరం ప్రేమ నవలల్లో కథ ఎక్కువగా నాయిక చూపు నుంచే నడిచేది. నాయకుడి మనసు మూసిన తలుపు. అతను ముభావంగా ఉంటే కోపమో ప్రేమో ఆమెకూ తెలియదు, చదివేవారికీ తెలియదు. కనుక ఆమె పొరబడినప్పుడు మనమూ ఆమెతో పాటు పొరబడేవాళ్లం, ఆ అపార్థంలో మనకూ భాగం ఉండేది.

ఇప్పుడు చాలా నవలలు ఒక అధ్యాయం ఆమె 'నేను'గా, తరువాతి అధ్యాయం అతని 'నేను'గా సాగుతున్నాయి. ఈ పద్ధతి వల్ల లాభం లేకపోలేదు. నాయకుడు తన భయాన్ని తానే చెప్పుకోగలగడం, పాత నవలల్లోని రాతిమనిషికి గొంతు రావడం నాకు ఎంతో నచ్చిన మార్పు. అయితే మరుసటి పుటలోనే అతను ఆమె కోసం ఎంత తపిస్తున్నాడో మనకు చెప్పేస్తుంటే, ఆమె "అతనికి నేను పట్టలేదు" అని వెళ్లిపోయేటప్పుడు మనకు జాలి కలగదు, విసుగు కలుగుతుంది. అపార్థం అనే ట్రోప్ ఒక రకమైన కథనం కోసం పుట్టింది. కథనం మారింది, ట్రోప్ మాత్రం అలాగే కొనసాగుతోంది. రెండు గొంతులున్న నవలలో ఎడబాటు పండాలంటే ఇద్దరికీ తెలిసిన నిజం మీదే అది రావాలి. ఒకరికి పిల్లలు కావాలి, ఇంకొకరికి వద్దు. ఒకరు అప్పుల్లో ఉన్న కుటుంబాన్ని వదలలేరు, ఇంకొకరు ఆ బరువు మోయలేరు. అక్కడ ఎంత మాట్లాడుకున్నా చిక్కు తీరదు కనుక మనకూ నొప్పి తెలుస్తుంది.

అర్ధవిరామం:

సిరామరక గారి పరిశీలన బాగుంది గానీ, పాఠకులకు నిజం తెలిస్తే అపార్థం పండదన్నది పూర్తిగా ఒప్పుకోలేను. నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడు పారిజాతాన్ని రుక్మిణికి ఇవ్వడం మన కళ్లముందే జరుగుతుంది. ఆ సంగతి సత్యభామకు చెలికత్తె చేరవేసే సరికి ఆమె ఏమనుకుంటుందో, కృష్ణుడు ఎలా వస్తాడో మనం ముందే ఊహించగలం. అయినా ఆ అలక తెలుగులో ఇన్ని శతాబ్దాలుగా నిలిచింది. కాళ్ల మీద వాలిన కృష్ణుని తలను ఎడమ కాలితో తోసేసే ఆ సత్యభామ, పుస్తకం మొదటి నుంచీ ఆ సత్యభామే. కోపం ఆమె స్వభావం నుంచి పుట్టింది, ఆమెకు అడ్డుగా రాలేదు. ఇప్పటి పాఠకులు అంతగా ఇష్టపడే బతిమాలుకునే ఘట్టానికి ఇంతకంటే నిండైన రూపం నాకు తెలియదు. పైగా అది కథ ముగింపు దగ్గర రాదు, అక్కడి నుంచే అసలు కథ కదులుతుంది.

పక్కపుట:

ఇంతసేపూ ఎడబాటు ఎక్కడ రావాలి, ఎలా రావాలి అని మాట్లాడుకున్నారు. ఎవరి తప్పు మీద రావాలో కూడా ఆలోచించాలని నా మనవి. పెత్తనం చేసే నాయకుడు ఈనాటికీ ఎన్నో నవలల్లో తిరుగుతున్నాడు. ఆమె ఎక్కడుందో ఫోన్ ద్వారా కనిపెడతాడు, ఆమెతో నవ్వుతూ మాట్లాడిన సహోద్యోగిని బెదిరిస్తాడు, ఆమె పనిచేసే సంస్థనే కొనేస్తాడు. ఇవన్నీ ప్రేమ తీవ్రతకు గుర్తులుగా సాగిపోతాయి. తీరా విడిపోయే సమయం వచ్చినప్పుడు ఆమె ఈ కారణాల్లో ఒక్కటీ ఎత్తదు. అతను ఎవరినో కౌగిలించుకోవడం చూసి వెళ్లిపోతుంది. ఆ వ్యక్తి అతని చెల్లెలని తేలుతుంది. దాంతో తప్పంతా ఆమె తొందరపాటుదై, అతను నిర్దోషిగా బయటపడతాడు, ఫోన్ మీద నిఘా అలాగే మిగిలిపోతుంది.

నిజమైన కారణం కళ్లముందుండగా అబద్ధపు కారణంతో విడదీయడమే ఈ ట్రోప్‌లో నాకు అన్నింటికంటే మింగుడుపడని విషయం. ఇలాంటి నాయకుణ్ని చదవకూడదని నేను అనను. కల్పనలో నచ్చిన మనిషిని జీవితంలో కోరుకోవాలన్న నియమమేమీ లేదు, పాఠకులకు ఆ తేడా తెలియదనుకోవడం వాళ్లను తక్కువ చేయడమే. కానీ అతనికి ఎదురుదెబ్బ తగలగల ఒకే ఒక్క చోటును అపార్థంతో నింపేయకండి. ఆ కారణం చేతనే, ఎడబాటు అసలే లేని నవలలు కావాలనేవారితో కూడా నేను ఏకీభవించలేను.

మూడో ముద్రణ:

ఎడబాటు లేని నవలలు కూడా చదివాను. చాలావాటిలో చివరి వంద పుటలు ఇంటికి కర్టెన్లు ఎంచుకోవడంతో గడిచిపోయాయి.

తీరిక వేళ:

కర్టెన్ల మీద కూడా మంచి గొడవ రాయవచ్చు, మూడో ముద్రణ గారూ, రాసేవారికి ఆ ఇద్దరూ బాగా తెలిసి ఉంటే. పక్కపుట గారు చెప్పిన చెల్లెలి ఉదాహరణను మాత్రం నా మొదటి ప్రశ్నకు చేర్చుకుంటున్నాను. నాయిక ఒక్క ప్రశ్న అడగకపోవడాన్ని నేను నిర్లక్ష్యపు రచనగానే చూశాను. ఆ ప్రశ్న ఆమె నోట వస్తే సంభాషణ కౌగిలి దగ్గర ఆగదు, ఫోన్ దాకా వెళుతుంది, అందుకే కొందరు రచయితలు ఆమెను మాట్లాడనివ్వడం లేదేమోనన్న అనుమానం ఇప్పుడు కలుగుతోంది.

విడిపోయిన జంట ఏళ్ల తరువాత మళ్లీ కలిసే 'సెకండ్ ఛాన్స్' కథలు నాకు ఎందుకు నచ్చుతాయో కూడా దీనితో కొంత తెలిసింది. అక్కడ ఎడబాటు మొదటి పుటకు ముందే జరిగిపోయి ఉంటుంది, కారణాన్ని దాచి నెట్టుకురావడం కుదరదు, పుస్తకం పొడవునా ఇద్దరూ దాని గురించే మాట్లాడుకోవలసి వస్తుంది. అయితే అలాంటి నవలల్లో కూడా, మూడు వంతులు గడిచాక, రెండోసారి విడిపోయే జంటలున్నాయి. వాటిని సమర్థించేవారు ఎవరైనా ఉంటే వారి వాదన వినాలని ఉంది.