20 నెలల బాబుకు పాలిస్తుంటే చనుమొనలు మండుతున్నాయి, మాన్పించక తప్పదా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా బాబుకు 20 నెలలు. అన్నం, ఇడ్లీ, పండ్లు అన్నీ తింటున్నాడు గానీ, ఉదయం లేవగానే ఒకసారి, నేను ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి, రాత్రి మధ్యలో రెండు మూడుసార్లు నా పాలు అడుగుతాడు. వాడు పుట్టిన మొదటి నెలలో చనుమొనలు పగిలి చాలా బాధపడ్డాను. ఆ తరువాత ఏడాదిన్నరపాటు ఏ ఇబ్బందీ లేదు. మూడు వారాల క్రితం, సంక్రాంతికి ముందు, మళ్లీ నొప్పి మొదలైంది.

కుడివైపు చనుమొనకు కాస్త పైన, నల్లటి వలయం అంచున, రెండు చిన్న పంటి గాట్లు ఉన్నాయి. అవి మానేలోపే మళ్లీ పచ్చిపుండు అవుతున్నాయి. ఎడమవైపు గాయమేమీ లేదు గానీ, బాబు వదిలిన తరువాత పావుగంటసేపు సూదులతో పొడిచినట్టు మండుతుంది. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు రద్దీ దాటుకుని ఇల్లు చేరేసరికి వాడు గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు, చెప్పులు విప్పకముందే చున్నీ పట్టుకుని లాగుతాడు. రోజంతా వాణ్ణి ఎప్పుడు ఎత్తుకుంటానా అని ఎదురుచూసిన నేను, ఆ క్షణంలో పళ్లు బిగబట్టుకుని కూర్చోవలసి వస్తోంది.

అత్తయ్యగారు అనంతపురం నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. వేపాకు నూరి రాస్తే రెండు రోజుల్లో వాడే మానేస్తాడని ఆవిడ అంటున్నారు. నా అవస్థ చూడలేకే అలా అంటున్నారని తెలుసు. కానీ రెండేళ్లు నిండేవరకైనా ఇవ్వాలని నా కోరిక. ఇన్నాళ్లు లేని నొప్పి ఇప్పుడెందుకు వచ్చింది? పాలు మాన్పించకుండా తగ్గే మార్గం ఉందా?

సమాధానం (జయనగర్, ఇద్దరు పిల్లల తల్లి)

మీ ప్రశ్న చదువుతుంటే మా రెండోవాడి సంగతి గుర్తుకొచ్చిందండీ. మీ బాబు వయసు చూస్తే కోరపళ్లు వచ్చే సమయం. సాధారణంగా 16 నుంచి 23 నెలల మధ్య అవి బయటపడతాయి. చిగురు సలుపుతున్నప్పుడు పిల్లలు దేన్నయినా నమిలి ఊరట పొందాలని చూస్తారు.

అయితే ఒక విషయం గమనించండి. బిడ్డ నిజంగా పాలు తాగుతూ గుటక వేస్తున్నంతసేపూ నాలుక కింది పళ్లను కప్పి ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి కొరకడం కుదరదు. కొరకడం దాదాపు ఎప్పుడూ ఆఖరులోనే, అంటే కడుపు నిండి ఆటలో పడ్డప్పుడో, నిద్రలోకి జారుతూ దవడ వదులై చనుమొన నోటి చివరకు జారినప్పుడో జరుగుతుంది. మావాడు నిద్రపోయేముందు చప్పరింత నెమ్మదించి, గుటకల చప్పుడు ఆగిపోయేది. ఆ క్షణాన్ని కనిపెట్టి, చిటికెన వేలు వాడి నోటి మూలలోంచి చిగుళ్ల మధ్యకు పోనిచ్చి, పట్టు విడిపించి తీసేదాన్ని. వేలు పెట్టకుండా లాగితే మాత్రం పళ్లు ఇంకా గట్టిగా గీసుకుంటాయి. కొరికినప్పుడు అరవకుండా, వాడి ముఖాన్ని ఒక్క క్షణం మీకేసి దగ్గరగా అదుముకోండి. ఊపిరి కోసం నోరు తెరిచి తనే వదిలేస్తాడు.

ఈ వయసు పిల్లలు నిలబడి, కూర్చుని, తల కిందులుగా కూడా తాగుతారు. తల ఎటు తిప్పితే చనుమొన అటు సాగుతుంది. పసిపాపకు చేసినట్టే మళ్లీ పొట్టకు పొట్ట ఆనించి పడుకోబెట్టి, నోరు పెద్దగా తెరిచాకే ఇవ్వండి. 20 నెలల బిడ్డకు మాటలు అర్థమవుతాయి. “అమ్మకు నొప్పి, నోరు పెద్దగా ఆ అను” అని రోజూ ఒకే మాట చెబితే నేర్చుకుంటాడు. పాలిచ్చేముందు చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ నమలనిస్తే చిగుళ్ల సలుపు కొంత తగ్గుతుంది. అంతకుముందే చారన్నం తిని ఉంటే నాలుగు గుటకల నీళ్లు తాగించండి, చింతపండు పులుపు పచ్చిపుండుకు తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది.

సమాధానం (పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే నర్సు, వైట్‌ఫీల్డ్)

పైన చెప్పిన మాటలు కుడివైపు గాయానికి సరిగ్గా సరిపోతాయి. ఎడమవైపు సంగతి వేరని నా అనుమానం. గాయం లేకుండా, పాలు తాగుతున్నప్పుడు కాక వదిలాక వచ్చే మంటకు పళ్లు కారణం కాకపోవచ్చు. నాలుగు రోజులు మీరే పరిశీలించి కొన్ని విషయాలు రాసుకోండి.

మొదట రంగు చూడండి. బాబు వదిలిన వెంటనే చనుమొన తెల్లగా పాలిపోయి, తరువాత ఊదారంగుకు, ఆపైన ఎరుపుకు మారుతోందా? అలా అయితే చలికి అక్కడి సన్నటి రక్తనాళాలు బిగుసుకుపోతున్నాయని అర్థం. బెంగళూరు జనవరి తెల్లవారుజాములూ, ఆఫీసు ఏసీ గదులూ దీన్ని పెంచుతాయి. కొరుకుడు వల్లా, సరిగా పట్టకపోవడం వల్లా ఇది మొదలు కావచ్చు. బిడ్డ వదిలిన మరుక్షణమే పొడి వెచ్చటి గుడ్డ అదిమి పట్టుకోవాలి, తడి ఆరనివ్వాలని గాలికి వదిలేయకూడదు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు మందు రాస్తారు.

రెండోది, మీకు నెలసరి తిరిగి మొదలైందా? కొందరికి అండం విడుదలయ్యే రోజుల నుంచి నెలసరి వచ్చేవరకు చనుమొనలు ముట్టుకుంటేనే నొప్పిగా ఉంటాయి, ఆ తరువాత తగ్గిపోతాయి. నెలసరి తప్పి ఉంటే గర్భపరీక్ష చేసుకోండి. ఏడాదిన్నర హాయిగా పాలిచ్చిన తల్లికి హఠాత్తుగా రెండువైపులా నొప్పి రావడం గర్భం తొలి గుర్తు కావచ్చు. ఆ నొప్పి హార్మోన్ల వల్ల వచ్చేది కాబట్టి, బిడ్డ పట్టు ఎంత సరిదిద్దినా పూర్తిగా పోదు. ఆరోగ్యకరమైన గర్భంలో పాలివ్వడం కొనసాగించవచ్చు గానీ, గతంలో గర్భస్రావమో నెలలు నిండని కాన్పో అయి ఉంటే ముందుగా డాక్టరును అడగాలి.

మూడోది, ఈ మధ్య మీరు గానీ బాబు గానీ యాంటీబయాటిక్స్ వాడారా? వాడాక ఫంగస్ పెరగడం మామూలే. చనుమొన మెరుస్తూ ఎర్రబడి దురద పెడుతుంటే, బాబు బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పూత కనిపిస్తే, తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. ఒక్కరికే చేయిస్తే మళ్లీ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

కుడివైపు గాయాన్ని రోజూ మామూలు నీళ్లతో కడిగితే చాలు, సబ్బు వద్దు. శుద్ధిచేసిన ల్యానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం లాంటి పూత) పలుచగా రాయవచ్చు, పాలిచ్చేముందు తుడవనక్కర్లేదు. నొప్పి ఎక్కువగా ఉంటే పారాసిటమాల్ పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు. బాబు చిగుళ్లకు మాత్రం తిమ్మిరెక్కించే జెల్ రాయకండి, రెండేళ్ల లోపు పిల్లలకు వాటివల్ల ప్రమాదం ఉంది.

జ్వరం వచ్చి రొమ్ములో ఒకచోట ఎర్రగా గట్టిపడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకవైపు మాత్రమే గజ్జిలా పొక్కులు కట్టి వారాల తరబడి మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, తప్పకుండా చూపించాలి.

సమాధానం (రామమూర్తినగర్, ఒక అమ్మమ్మ)

అమ్మాయీ, వేపాకు గురించి నా అనుభవం చెబుతాను. మా చిన్నదానికి పాలు మరిపించడానికి నేనూ అదే చేశాను. అది ఒకసారి నోరు పెట్టి, చేదుకు ముఖం ముడుచుకుని, నావైపు చూసిన చూపు ఈనాటికీ మరవలేదు. రెండు రాత్రులు గుక్కపట్టి ఏడ్చింది. ఒక్కసారిగా మాన్పించడంతో నాకు పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చి మూడు రోజులు మంచం పట్టాను. అందులోనూ నీకిప్పుడు చర్మం చిట్లి ఉంది, దాని మీద ఆ పసరు రాస్తే మంట రెట్టింపవుతుంది.

నిజంగా మాన్పించాలనుకున్న రోజున ఒక్కో పూట తగ్గించుకుంటూ రావాలమ్మా. ముందు రాత్రి మధ్యలో ఇచ్చేవాటిలో ఒకటి ఆపి, నీ బదులు మీ ఆయన్ను బాబు పక్కన పడుకోబెట్టు. వారం పది రోజులు ఆగి ఇంకొకటి. పాలిస్తున్నప్పుడు వాడు రెండో రొమ్మును గిల్లుతుంటే నల్లపూసల దండ చేతికి అందివ్వు, మా మనవరాలికి అది బాగా పనిచేసింది. మీ అత్తగారిని తప్పుపట్టకు, మా కాలంలో మాకు తెలిసిన మందు అదొక్కటే.

ప్రశ్న అడిగిన తల్లి, ఆరు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. క్యాలెండరు వెనుక రోజూ రాసుకున్నాను. గర్భపరీక్షలో ఏమీ లేదని వచ్చింది, యాంటీబయాటిక్స్ కూడా మేము వాడలేదు. నర్సుగారు చెప్పినట్టే, తెల్లవారుజామున బాబు వదలగానే దీపం వేసి చూస్తే ఎడమ చనుమొన నానబెట్టిన బియ్యంలా తెల్లగా ఉంది. రెండు నిమిషాల్లో నేరేడుపండు రంగుకు తిరిగింది, మంట మొదలైంది అప్పుడే. ఇన్నాళ్లూ గాలి తగిలితే మంచిదనుకుని దుప్పటి తీసి ఉంచేదాన్ని.

కుడివైపు గాట్లు పొక్కు కట్టి మానుతున్నాయి. నిద్రలోకి జారే సమయం కనిపెట్టి వేలితో విడిపిస్తున్నాను. మొదటి రెండు రాత్రులు వాడు గొడవ చేశాడు, ఇప్పుడు పక్కకు తిరిగి పడుకుంటున్నాడు. “ఆ” అనమని నేను చెప్పకముందే తనే నోరు తెరిచి “ఆ” అంటున్నాడు. ఎడమవైపు మంట సగానికి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, శనివారం డాక్టరుకు చూపిస్తాను.

అమ్మమ్మగారి జవాబు అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. మరునాడు తెల్లవారుజామున బాబు లేచిన అలికిడికి వచ్చి, పాత నూలు చీర ముక్కను ఇస్త్రీపెట్టెతో వెచ్చచేసి, మడతపెట్టి నా చేతికిచ్చి వెళ్లారు. అప్పటినుంచి రోజూ అలాగే ఇస్తున్నారు.